ఇటుకరంగు ముడి

సాయంకాలపు రైలు మూడో స్టేషను దాటాక, ఎదురుసీటాయన పైన పెట్టిన సంచి అందుకోవడానికి రెండు చేతులూ ఎత్తాడు. చొక్కా ప్యాంటులోంచి జారి బయటికొచ్చింది. దారాలక్క కళ్ళెదుట, జానెడు దూరంలో, ఆ చొక్కా చిట్టచివరి కాజాకి వేసిన ఇటుకరంగు దారపు ముడి రైలుతోపాటు ఊగింది. మూడు చుట్లు, పైన ఒక పీటముడి.

ఆ ముడి ఆమెదే. తన చేతిరాత తను గుర్తుపట్టడానికి ఎవరికీ కళ్ళద్దాలు అక్కర్లేదు. కానీ ఆ రోజు దారాలక్క ముక్కుమీద కొత్త కళ్ళద్దాలు కూడా ఉన్నాయి. మధ్యాహ్నమే పట్నంలో తీసుకుంది. అప్పట్నుంచీ లోకాన్ని మొదటిసారి చూస్తున్నట్టు చూస్తోంది. చెట్టుకి ఆకులు విడివిడిగా ఉన్నాయి, బాగానే ఉంది. కిటికీ అద్దం మీద తలకాయలు ఆనీ ఆనీ మేడిపండంత జిడ్డు మచ్చలు, సీటు కింద ఎవరో నమిలి అంటించిన బంకముద్దలు, ముందు నిలబడ్డవాడి గోళ్ళలో నల్లటి చంద్రవంకలు, ఇవీ కనిపించాయి. చూపు తిరిగొస్తే మంచివి మాత్రమే చూపిస్తానని ఏ కళ్ళ డాక్టరూ రాసివ్వడు.

ముడికి బెత్తెడు పైన, గుండీల పట్టీ మీద, ఆకుపచ్చ సిరా మరక. మరక చుట్టూ నీలంరంగు సున్నా.

ఆ సున్నా కూడా ఆమెదే. లాండ్రీకి మాసిన చొక్కా రాగానే మరక ఎక్కడుందో చూసి, నీలం మైనపు సుద్దతో దాని చుట్టూ గీయడం దారాలక్క పని. ఉతికేవాళ్ళు ఆ గుర్తు చూసి అక్కడ మందు పట్టిస్తారు. మరుగుతున్న నీళ్ళలో తప్ప ఆ మైనం పోదు. పోయిందంటే చొక్కా ఉడికిందన్నమాట. ఇక్కడ సున్నా పోలేదు సరికదా, ఇస్త్రీ వేడికి కరిగి గుడ్డలోకి ఇంకిపోయి, కమిలిన గాయంలా మెరుస్తోంది.

"ఏవండీ," అంది దారాలక్క, "ఈ చొక్కా ఉతికించి ఎన్నాళ్ళయింది?"

ఆయన ఉలిక్కిపడి చొక్కా లోపలికి దోపుకున్నాడు. "నిన్ననే లాండ్రీ నుంచి తెచ్చానండీ. ఇవాళ పొద్దున వేశాను. ఏం?"

"వాసన చూశారా?"

"ఎందుకండీ చూడ్డం? ముడుంది కదా!" నడుం దగ్గర తట్టి చూపించాడు, బంగారం దాచుకున్నవాడిలా. "మీరు ఈ రైల్లో కొత్తలా ఉన్నారు. మా ఊరి లాండ్రీలో అరల వెనక కూర్చునే ఒకావిడుంది, నేనెప్పుడూ చూళ్ళేదు. మహా కచ్చితమైన మనిషిట. ఆవిడ ముడేసిందంటే ఇక చూసుకోనక్కర్లేదు. మా ఆఫీసులో సగంమంది బట్టలు నాచేతే పంపిస్తారు."

పక్కన కూర్చున్న పెద్దమనిషి పేపరు దించకుండానే అందుకున్నాడు. "మా ఆవిడ నా మాటన్నా నమ్మదు గానీ ఆ ముడిని నమ్ముతుంది."

"మీరు కూడా ఓ ముడేయించుకోండి మరి," అన్నాడు ఎదురుసీటాయన. నలుగురూ నవ్వారు.

నవ్వుతూ ఆయన ముందుకి వంగాడు. మొదట ఏదో పూలనూనె వాసన. దాని వెనక పులిసిన గంజి. దాని వెనక, గది మూలలో ముడుచుక్కూర్చున్న ముసలి రోగిలా, వారం నాటి చెమట. కాలరు లోపలివైపు ఒక నెరిసిన వెంట్రుక గంజిలో అతుక్కుని, ఇస్త్రీ పెట్టె కింద నలిగి, గాజుపలకలో పెట్టిన నమూనాలా కదలకుండా ఉంది. ఆయన జుట్టు నల్లగా ఉంది. ఆ వెంట్రుక ఎవరిదో!

దారాలక్క వెనక్కి జరిగి సీటుకి ఆనుకుంది. నేనే ఆ మనిషిని అని చెప్పలేదు. రుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకుని, తన స్టేషను వచ్చేదాకా కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చుంది.

ఇలాంటి ఊళ్ళు ఏ దేశం వెళ్ళినా ఉన్నాయి. పొద్దున ఏడింటికి ఖాళీ అయి, సాయంత్రం ఏడింటికి నిండుతాయి. పడకగది తప్ప మరో గది కట్టని ఇళ్ళలాంటివి. ఈ ఊరు మాత్రం మొదట్నుంచీ అలాంటిది కాదు. ఇక్కడ గుండీల ఫ్యాక్టరీ ఉండేది. బ్రష్షుల కంపెనీ ఉండేది. తాళాలు పోతపోసే షెడ్లు మూడుండేవి. గుండీల ఫ్యాక్టరీ ఇప్పుడు కండలు పెంచుకునే జిమ్ము. బ్రష్షుల కంపెనీ గోడలు కూల్చి కార్లు నిలుపుతున్నారు. తాళాల షెడ్లలో ఏముందో వాటి తాళాలకే తెలియాలి. రైలెక్కి పట్నం పోయేవాళ్ళు మిగిలారు, వాళ్ళ చొక్కాలు మిగిలాయి, ఆ చొక్కాలు ఉతికే లాండ్రీ మిగిలింది. ఊరి వర్తక సంఘం వాళ్ళు స్టేషను గోడమీద పెద్ద బోర్డు కట్టారు: మన ఊరి పరిశ్రమ, మన ఊరి గర్వం. కింద ఇటుకరంగులో ముడి బొమ్మ, తలకాయంత.

దారాలక్క పంతొమ్మిదేళ్ళప్పుడు బ్రష్షుల కంపెనీలో వెంట్రుకలు ఏరేది. అది మూతపడ్డాక లాండ్రీకొచ్చింది. అప్పటి యజమాని పెద్దయ్య, నోటినిండా పళ్ళూ కంటినిండా అనుమానమూ ఉన్న మనిషి, ఆమె ముందు ఇరవై ఉతికిన చొక్కాలు పడేసి, "బాగున్నవి తియ్యి," అన్నాడు. ఆమె పదకొండు తీసింది. పెద్దయ్య ఆ పదకొండూ తిరగేసి చూసి, అందులోంచి ఇంకొకటి పక్కకి నెట్టి, చేతిలో ఇటుకరంగు దారపుండ పెట్టాడు.

"ముడి అంటే ఉతికారని కాదమ్మాయ్. ఉతకడం ఎవడైనా ఉతుకుతాడు. నువ్వు చూశావని. అదీ దాని అర్థం."

ముప్ఫై ఒక్కేళ్ళు చూసింది. కాలరు లోపల, చంకల కింద, చేతి మడతల్లో, గుండీల పట్టీ వెనక. ఒంటరిగానే ఉండిపోయింది. పెళ్ళెందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే, "ఇన్ని కాలర్లు లోపలినుంచి చూశాక, ఏ మగాణ్ణి చూసినా ముందు చొక్కాయే కనిపిస్తుంది," అని నవ్వేసేది. చెల్లెలి ఇంట్లోనే పై గదిలో ఉంటోంది. చెల్లెలి మొగుడు, అంటే ఆమెకి మరిది, లాండ్రీ వ్యాను తోలుతాడు. స్టేషను పక్కనున్న కౌంటర్లో పోగైన మాసిన బట్టలు పట్టాలకి అవతలున్న ఉతుకుడు షెడ్డుకి చేరవేసి, తయారైనవి తిరిగి తేవడం అతని పని.

రైలు దిగిన దారాలక్క ఇంటివైపు పోలేదు. వంతెనెక్కి అవతలకి దిగింది. ఇంకా వెలుతురుంది. షెడ్డు నెత్తిమీద పొగగొట్టం ఆకాశంలోకి శుభ్రంగా నిలబడి ఉంది. అందులోంచి పొగ రావడంలేదు. ఆమె గది కిటికీలోంచి రోజూ ఎదురుగా కనిపించే గొట్టమే. పొగ ఆగిన సంగతి ఊరందరి కళ్ళకీ కనిపించింది, ఎవరూ పట్టించుకోలేదు. పట్టించుకునే ఒక్క మనిషికీ కళ్ళు కనపడలేదు.

లోపల ఉతుకుడు డ్రమ్ములు మూడూ నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి. రబ్బరు అంచులు ఎండి తెల్లగా పగిలాయి. మూడో డ్రమ్ములో పిల్లి పిల్లల్ని పెట్టింది, ఎవరిదో తెల్ల చొక్కా మీద. ఇస్త్రీ బల్లల దగ్గర నలుగురు పనిచేస్తున్నారు. బల్ల పక్కన బకెట్లో గంజినీళ్ళు, అందులో పూలనూనె చుక్కలు. నీళ్ళు చెరువు అడుగు రంగులో ఉన్నాయి. ఒకామె చింకిగుడ్డ అందులో ముంచి, చొక్కా చంకల కింద రెండు రుద్దులు రుద్ది, అదే గుడ్డ మళ్ళీ బకెట్లో ముంచి, అదే గుడ్డతో కాలరు తుడిచి, ఇస్త్రీ పెట్టె వాల్చింది. బుస్సుమని లేచిన ఆవిరిలో ఊరి మగవాళ్ళందరి వారం వాసన ఒక్కసారిగా దారాలక్క ముఖాన కొట్టింది. కళ్ళద్దాలు మసకేశాయి. తుడుచుకోలేదు. మసకగా ఉంటేనే నయమనిపించింది ఒక క్షణం.

పాతకాలపు మహానగరాల్లో బట్టలు ఉతికేవాళ్ళు వీధి మలుపుల్లో కుండలు పెట్టి, దారినపోయేవాళ్ళ మూత్రం పోగుచేసి, తొట్టెల్లో పోసి, బట్టల్ని అందులో కాళ్ళతో తొక్కేవారని పుస్తకాల్లో ఉంది. చదివినవాళ్ళు ముక్కు మూసుకుంటారు. మూసుకోనక్కర్లేదు. వాళ్ళు ఉతికారు.

మరిది వ్యానులోకి కట్టలు సర్దుతున్నాడు. ఆమెను చూసి ముఖం వెలిగించుకున్నాడు.

"వదినా! అద్దాలు భలే కుదిరాయే. టీచరమ్మలా ఉన్నావు."

"బాయిలరు ఎన్నాళ్ళనుంచి చల్లగా ఉంది?"

నీళ్ళు నమిలాడు. "లోపల గొట్టాలు పగిలాయి వదినా, డ్రమ్ములకి నీళ్ళెక్కట్లేదు. కొత్తవి రావాలి. బయల్దేరాయంటున్నారు."

"ఎన్నాళ్ళనుంచీ అని అడిగాను."

"ఐదు వారాలు."

"ఐదు వారాలుగా రోజుకి రెండొందల ముడులేస్తున్నాను నేను. నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే నువ్వు వెయ్యవు కదా!" అన్నాడు మరిది. అందులో తప్పేముందో అతనికి నిజంగానే తెలియలేదు.

దారాలక్క వ్యానులోని కట్టలవైపు తిరిగింది. అతనికి ధైర్యం వచ్చింది. "అయినా వదినా, తప్పంతా మా మీదేస్తే ఎలా? ఉతక్కముందే ముడేస్తానన్నది నువ్వే. ఈ షెడ్డులో వెలుతురు చాలట్లేదు, ఆవిరికి అద్దాలు మసకేస్తున్నాయి, కౌంటర్లోనే కూర్చుని వేసిస్తానన్నావు. రెండేళ్ళయింది. నేను అడిగాను కూడా, ఉతికాక చూసేదెవరు వదినా అని. నువ్వేమన్నావో గుర్తుందా?"

గుర్తుంది. ముప్ఫయ్యేళ్ళలో నా ముడి పడ్డ చొక్కా ఒక్కటి తిరిగిరాలేదు, ఇక చూసేదేముంది అంది. ఎవరూ బలవంతపెట్టలేదు. కళ్ళు కనపడ్డంలేదని ఒప్పుకోవడం నామోషీ అయి, పనినే వెనక్కి తిప్పేసింది. మాసిన చొక్కాకి ముడేసి పంపితే అది శుభ్రమై తిరిగొస్తుందిలే అని, చూడకుండానే చూసినట్టు రెండేళ్ళు సంతకం పెట్టింది. అంతవరకూ బకెట్టు మీద, చింకిగుడ్డ మీద, మరిది పళ్ళికిలింపు మీద పుట్టిన రోత ఇప్పుడు తిరిగి తన వేళ్ళ మీదికి పాకింది. వాటిని పైటకే కాదు, దేనికీ తుడవబుద్ధి కాలేదు.

"రేపు నేను ముడెయ్యను," అంది.

ఇంటికి చేరేసరికి మరిది ఫోను ముందే చేరింది. చెల్లెలు వంటింటి గడపలో నడుం మీద చెయ్యేసుకుని నిలబడి ఉంది.

"ముడెయ్యవా? వెయ్యకపోతే కౌంటరు మూస్తారు. కౌంటరు మూస్తే వ్యానెందుకు? వ్యాను లేకపోతే ఈయనెందుకు? ఆ షెడ్డులో వాళ్ళెందుకు? నీ ఒక్కదాని పట్టింపుకి ఇంతమందిమి బజార్న పడాలా అక్కా?"

"ఉతకలేదే వాటిని. ఒకడి చంక తుడిచిన గుడ్డతో ఇంకొకడి మెడ తుడుస్తున్నారు."

"ఎవరైనా చచ్చారా? రెండు వారాల్లో గొట్టాలొస్తాయి. మళ్ళీ ఉతుకుతారు. అందాకా కళ్ళు మూసుకో. రెండేళ్ళు మూసుకున్నావుగా!"

ఆ మాట అన్నాక చెల్లెలే నాలిక కరుచుకుంది. దారాలక్క కోప్పడలేదు. వంటింటి కిటికీలోంచి పెరటి తీగె కనిపిస్తోంది. తీగెమీద మరిది చొక్కాలు నాలుగు, పిండిన ముడతలతో, నీళ్ళోడుతూ. లాండ్రీ మనుషుల బట్టలు లాండ్రీలోనే ఉతుకుతారు, మొదట్నుంచీ అంతే. ఈ తీగెమీద మరిది చొక్కా ఎప్పుడూ ఆరలేదు.

"మరి మీ ఆయనవి ఇంట్లో ఎందుకు ఉతుకుతున్నావే?"

చెల్లెలు తీగెవైపు చూసింది. అక్కవైపు చూసింది. పొయ్యిమీద ఏమీ లేకపోయినా పొయ్యివైపు తిరిగింది.

మర్నాడు పొద్దున ఆరున్నరకి కౌంటరు తెరిచారు. ఏడింటి రైలుకి పోయేవాళ్ళు ఆ దారినే చొక్కాలు తీసుకుని, కొందరు అక్కడే వెనక గదిలో వేసుకుని, స్టేషనుకి పరిగెడతారు. తయారైన చొక్కాలు రాత్రే మరిది సర్దిపెట్టాడు. అరల నిండా కాగితపు పట్టీల్లో తెల్లతెల్లగా, పెళ్ళిలో ఫోటోకి కూర్చున్నంత పద్ధతిగా ఉన్నాయి. ప్రతిదానికీ చివరి కాజాకి ఇటుకరంగు ముడి.

దారాలక్క తన ఎత్తుపీట అరల వెనకనుంచి ముందుకి లాక్కుని కూర్చుంది. ఎదురుగా చిన్నయ్య వచ్చి నిలబడ్డాడు. పెద్దయ్య కొడుకు, లాండ్రీకి ఇప్పటి యజమాని. యాభై దాటినా ఊరికి చిన్నయ్యే. ఇప్పుడు వర్తక సంఘానికి అధ్యక్షుడు.

"అక్కా, నీకు చెప్పకపోవడం నా తప్పే," అన్నాడు, తప్పు ఒప్పుకుంటే సగం పని అయిపోతుందని తెలిసినవాడి గొంతుతో. "కానీ నేనేం చెయ్యను చెప్పు? ఒక్క వారం మూస్తే ఈ జనం పట్నం లాండ్రీలకి బట్టలు వెయ్యడం మరుగుతారు. మరి తిరిగిరారు. గుండీలు పోయాయి, బ్రష్షులు పోయాయి. ఇది కూడా పోతే ఈ ఊళ్ళో పరిశ్రమని చెప్పుకోడానికి ఏముంది? రెండు వారాలు. నీ ముడే మన బోర్డక్కా."

"మీ నాన్నగారు ముడంటే ఏమిటన్నారో తెలుసా చిన్నయ్యా?"

"నాన్న కాలం వేరు."

"చెమట అదే," అంది దారాలక్క.

చిన్నయ్య ఇంకేదో అనబోయాడు. అప్పటికే జనం కౌంటరు ముందుకి వచ్చేశారు. అందరికంటే ముందు, నిన్న రైల్లో పేపరు చదివిన పెద్దమనిషి, అతని వెనక ఎదురుసీటాయన, వాళ్ళ వెనక ఇంకో పదిమంది. పెద్దమనిషి చీటీ ఇచ్చాడు. దారాలక్క అతని చొక్కా అరలోంచి తీసి, బల్లమీద పరిచి, చిన్న కత్తెరతో కాజాలోని ముడి కత్తిరించింది. ఇటుకరంగు దారం బల్లమీద పడింది.

"ఇది ఉతకలేదు," అంది, అందరికీ వినిపించేలా. "ఐదు వారాలుగా ఏదీ ఉతకలేదు. గంజినీళ్ళు చల్లి ఇస్త్రీ చేశారు. ముడులు నేనే వేశాను, చూడకుండా వేశాను. తప్పు నాది. కాలరు లోపల చూసుకోండి."

చిన్నయ్య ముఖం సున్నం కొట్టినట్టయింది. ఆమె రెండో చొక్కా తీసింది, కత్తిరించింది. మూడోది. రాత్రంతా ఆమె ఊహించుకున్నది ఒకటే: అరుస్తారు, తిడతారు, బట్టలు ముఖాన కొడతారు. అందుకు సిద్ధపడే వచ్చింది. ఒకవిధంగా దానికోసమే వచ్చింది.

పెద్దమనిషి కాలరు తిప్పి చూశాడు. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. "పూల వాసనే వస్తోందిగా," అన్నాడు.

"కిందికి చూడండి. చంకల్లో."

"చంకల్లో ఎవడు చూస్తాడమ్మా, పైన కోటుంటుంది." స్టేషను గడియారంవైపు మెడ సాచాడు. "అది సరే గానీ, ముడెందుకు తెంచావు? ముడి లేకుండా తీసుకెళ్తే మా ఆవిడ ఇంట్లోకి రానివ్వదు. మళ్ళీ వేసెయ్, తొందరగా. రైలొస్తోంది."

"ఉతకలేదంటున్నాను."

"విన్నానమ్మా. ముడెయ్యి."

వెనకనుంచి గొంతులు. "ఏంటాలస్యం?" "ఏదో కత్తిరిస్తోందిట." "కత్తిరించడం సాయంత్రం పెట్టుకోకూడదూ, రైలు టైములో ఏంటీ గోల!" ఎదురుసీటాయన ఆమెను గుర్తుపట్టి నోరెళ్ళబెట్టాడు. "మీరా! నిన్న చెప్పొద్దూ! అయ్యో, మీ ఎదురుగానే మీ గురించి..." అని మురిసిపోయాడు. నిన్నటి చొక్కాయే వేసుకున్నాడు, నీలం సున్నాతో సహా. "నావి రెండున్నాయి అక్కా. ముడులున్నవే ఇవ్వండి."

దారాలక్క అతని ముఖంలోకి చూసింది. కొత్త అద్దాల్లోంచి ప్రతి రంధ్రమూ కనిపించింది. అసహ్యం ఎంత పెద్దదైనా దానికి ఒక అంచు ఉంటుందని ఆమె ఇన్నాళ్ళూ అనుకుంది, మరక చుట్టూ సున్నా గీసినట్టు. ఈ ముఖాల చుట్టూ గీయాలంటే సుద్ద చాలదు.

ఈలోగా చిన్నయ్య తేరుకున్నాడు. ఆమె పక్కనుంచి చెయ్యి చాపి దారపుండ అందుకుని, పెద్దమనిషి చొక్కా లాక్కుని, తనే ముడి మొదలుపెట్టాడు. రెండే చుట్లు, పైన వదులు ముడి. చిటికెనవేలితో లాగితే ఊడొచ్చేలా ఉంది. పెద్దమనిషి ముడి చూసుకుని, సంతృప్తిగా తలూపి, చొక్కా చంకలో పెట్టుకుని స్టేషనువైపు పరిగెత్తాడు. తరవాతివాడు ముందుకొచ్చాడు. ఎవరికీ తేడా కనపడలేదు.

దారాలక్క పీట దిగింది. కౌంటరు చివర కుళాయి దగ్గర సబ్బు తీసుకుని, గోళ్ళ సందుల్లోంచి మణికట్లు దాటేదాకా, తాపీగా, ముప్ఫై ఒక్కేళ్ళ పద్ధతిలో చేతులు కడుక్కుంది. అక్కడ వేలాడుతున్న తువ్వాలు ఒకసారి తిప్పి చూసి, ముట్టుకోకుండా వదిలేసింది. తడిచేతులు గాలిలో విదిల్చుకుంటూ, బల్ల చెక్క ఎత్తి బయటికి వచ్చింది.

"అక్కా, నా రెండూ..." అంటున్నాడు ఎదురుసీటాయన.

జనమంతా స్టేషనుకి ఉరుకుతున్నారు. ఆమె వాళ్ళకెదురుగా, ఎవరూ తగలకుండా భుజాలు దగ్గరికి ముడుచుకుని నడిచింది. తలకాయంత ముడి బొమ్మ ఉన్న బోర్డు కిందుగా వెళ్ళింది, పైకి చూడలేదు. వెనకనుంచి చిన్నయ్య పిలిచాడు, వ్యానులోంచి మరిది పిలిచాడు. వెళ్ళొస్తానని ఎవరితోనూ అనకుండా, గుండీల ఫ్యాక్టరీ మలుపు తిరిగింది.